ద్వీపంలో దుకాణం, దేశమంతటా చిరునామా

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో కొంతకాలంగా ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తున్నది. పదవీ విరమణకు చేరువైన సహోద్యోగులు, సొంత వ్యాపారం పెట్టుకున్న పిల్లలు గల తల్లిదండ్రులు, ఇంటివద్దనే చిన్న పరిశ్రమ నడుపుకొంటున్న సోదరీమణులు వేరువేరు మాటలలో అడుగుతున్నది ఒక్కటే: "లింక్డిన్‌లో ప్రొఫైల్ పెట్టి రెండేళ్ళు దాటింది. దానివల్ల ఒక్క ఆర్డరు కూడ రాలేదు. లోపం ఎక్కడ ఉన్నట్లు?" విడివిడిగా సమాధానాలు వ్రాయడం కంటె, నేను దగ్గరగా చూచిన ఒక ఉదంతాన్ని ఆధారం చేసుకొని అందరికీ కలిపి చెప్పడం మేలని తోచింది. ఆ ఉదంతం అండమాన్ దీవులలో జరిగినది.

లింక్డిన్ గురించి తెలియనివారికోసం రెండు మాటలు. 2002 డిసెంబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో రీడ్ హాఫ్‌మన్, మరికొందరు కలసి దీనిని స్థాపించారు. 2003 మే 5న సభ్యులకు అందుబాటులోకి వచ్చింది. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ దీనిని 2,620 కోట్ల డాలర్లకు కొనుగోలు చేయ నిశ్చయించి ఆ సంవత్సరమే స్వాధీనం చేసుకున్నది. నేడు ప్రపంచం మొత్తం మీద వంద కోట్లకు పైగా సభ్యులున్నారు. అమెరికా తరువాత అత్యధిక సంఖ్య మన దేశానిదే. ఫేస్‌బుక్ వంటివి పెళ్ళిపందిరి అనుకుంటే ఇది ఆఫీసు వరండా. అక్కడ నిలబడిన మనిషిని చూచి "ఈయన ఏమి పని చేస్తాడు?" అనే అడుగుతారు తప్ప "భోజనం చేశావా?" అని అడగరు.

ఇక అండమాన్ సంగతి. ఆ పేరు వినగానే మనకు సెల్యులర్ జైలు, రాధానగర్ తీరం జ్ఞప్తికి వస్తాయి. అక్కడ తెలుగువారు ఎందరున్నారో చాలామందికి తెలియదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం మనదే. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుండి తరతరాలుగా వెళ్ళి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఇందులో అధికం. ఉద్యోగరీత్యా అక్కడ ఉన్న రోజులలో, జంగ్లీఘాట్ వైపు సాయంకాలం నడిస్తే నాకు ఉత్తరాంధ్ర యాస చెవులనిండా వినిపించేది. ఉప్పుచేపల వాసన, దానితోపాటు ఎవరి ఇంటినుండో చింతపండు పులుసు వాసన; కళ్ళు మూసుకుంటే భీమిలిలో ఉన్నట్లే ఉండేది.

మా సహోద్యోగి ఒకరి తమ్ముడు మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి ఆ దీవులకు వెళ్ళాడు. పడవల మరమ్మతు చేసేచోట కొన్నాళ్ళు పనిచేసి, తరువాత సొంతంగా వర్క్‌షాపు పెట్టుకున్నాడు. బోట్లకు తగిలించే ఔట్‌బోర్డు మోటార్లు, హోటళ్ళ డీజిల్ జనరేటర్లు, ఎయిర్ కండిషనర్లు బాగుచేయడం అతని వృత్తి. దగ్గర ఇద్దరు మెకానిక్కులు. ఇద్దరూ పెళ్ళయినవారే. అక్టోబరు నుండి మే వరకు పర్యాటకుల రద్దీ, చేతినిండా పని. వానలు మొదలై సముద్రం పొంగిందంటే రిసార్టులు సగం ఖాళీ, బోట్లు ఒడ్డున బోర్లా. ఆ నాలుగు నెలల జీతాలు ఎక్కడినుండి తేవాలన్నదే అతని ఏటేటి సమస్య.

దీనికి మందు ఏమిటో అతనికి తెలుసు. రిసార్టులతో వార్షిక నిర్వహణ ఒప్పందం, అనగా మనం ఏ.ఎం.సి. అని పిలుచుకునేది, కుదుర్చుకుంటే వానాకాలంలోనూ నెలనెలా కొంత సొమ్ము వస్తుంది. కాని ఆ ఒప్పందాలపై సంతకం చేసేవారు దీవులలో ఉండరు. చెన్నైలోనో బెంగుళూరులోనో కోల్‌కతాలోనో ఉన్న కార్యాలయాలలో ఉంటారు. వారు తమకు తెలిసిన ఒక నగర సంస్థకు పని అప్పగించేవారు. ఆ సంస్థ దీవులలో మనిషి లేక ఇతనికే ఫోను చేసి, వచ్చినదానిలో సగానికి సగం చేతిలో పెట్టేది. పని ఇతనిది, బిల్లు మరొకరిది. మూడు సంవత్సరాలు అలాగే గడిచాక, "అన్నయ్యా, ఈ వానాకాలం దాటితే దుకాణం మూసి ఊరికి వచ్చేస్తాను. శ్రీకాకుళంలో మోటారు సైకిళ్ళు బాగుచేసుకున్నా ఇంతకంటె నయమే" అని వాళ్ళ అన్నకు ఫోను చేశాడు. అన్న నావద్దకు వచ్చాడు.

నేను మొట్టమొదట అడిగింది అతని లింక్డిన్ ప్రొఫైల్ చూపించమని. ఇందుకు కారణం ఉన్నది. కొత్త సరఫరాదారు పేరు ఎవరైనా చెప్పినపుడు ఫోను చేయడానికి ముందు ఆ పేరును వెదకి చూడడం నేటి కార్యాలయాలలో అలవాటు. మన మెటీరియల్స్ విభాగం మిత్రులు కూడ ఈ పని చేస్తారు, అడిగితే ఒప్పుకోరు గాని. లింక్డిన్‌లో పేరు ఉన్న మనిషికి అటువంటి వెదుకులాటలో ఆ పేజీ పైవరుసలలోనే కనిపిస్తుంది. కనుక మనం ప్రొఫైల్‌ను పట్టించుకున్నా పట్టించుకోకున్నా, మన తరఫున అది మాట్లాడుతూనే ఉంటుంది.

అతని ప్రొఫైల్ ఏమి మాట్లాడుతున్నదో చూడండి. పేరు కింద "మేనేజింగ్ డైరెక్టర్ అండ్ సి.ఇ.ఓ." అని ఉన్నది. ముగ్గురు మనుషులున్న వర్క్‌షాపుకు! ఫోటోలో సూటు వేసుకుని ఏదో పెళ్ళిలో నిలబడి ఉన్నాడు. పక్కన ఎవరిదో భుజం సగం కత్తిరించబడి కనిపిస్తున్నది. తన గురించి వ్రాసుకునే చోట ప్రపంచస్థాయి నాణ్యత, సంపూర్ణ వినియోగదారుల సంతృప్తి, నిబద్ధత వంటి పెద్దమాటలు నాలుగు వాక్యాలు. ఔట్‌బోర్డు మోటారు అన్న మాట లేదు. జనరేటరు అన్న మాట లేదు. ఊరి పేరు మాత్రం ఉన్నది, అదీ "ఇండియా" అని.

ఇంజనీర్లమైన మనకు ఇది వింతగా తోచాలి. ఒక పంపు కొనేటపుడు దాని నేమ్‌ప్లేట్ మీద "ప్రపంచస్థాయి పంపు" అని ఉంటే మనం ఊరుకుంటామా? ఎంత హెడ్, ఎంత డిశ్చార్జి, ఎన్ని కిలోవాట్లు అని చూస్తాము. ప్రొఫైల్ కూడ నేమ్‌ప్లేటే.

పేరు కింద కనిపించే ఆ ఒక్క వాక్యాన్ని హెడ్‌లైన్ అంటారు. 220 అక్షరాల వరకు అవకాశం ఉన్నది. మనం ఏమీ వ్రాయకపోతే ప్రస్తుత ఉద్యోగం పేరునే లింక్డిన్ అక్కడ పెట్టివేస్తుంది. మనం ఎవరికైనా ఆహ్వానం పంపినపుడు, ఎవరి పోస్టు కిందనైనా వ్యాఖ్య వ్రాసినపుడు, వెదుకులాటలో మన పేరు వచ్చినపుడు ఎదుటివారికి కనిపించేది ఫోటో, పేరు, ఈ వాక్యం మాత్రమే. కాబట్టి పదవి పేరు కంటె పని పేరు, ఎవరికోసం చేస్తామో ఆ మాట, ఊరు ఇందులో ఉండాలి. చివరకు ఇలా నిలిచింది: "జనరేటర్, ఏ.సి., మెరైన్ ఇంజన్ సర్వీస్. రిసార్టులకు, బోటు యజమానులకు. శ్రీ విజయ పురం, పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్." ప్రొఫైల్‌లో ఇది ఇంగ్లీషులోనే వ్రాశాము, చదవవలసిన చెన్నై, బెంగుళూరు మేనేజర్లకోసం. లింక్డిన్‌లో అదే ప్రొఫైల్‌కు మరొక భాషలో ప్రతిని చేర్చుకునే సౌకర్యం కూడ ఉన్నది; అవసరమైనవారు ఉపయోగించుకోవచ్చు.

ఊరి పేర్ల విషయంలో ఇక్కడ కొంచెం ఆగాలి. పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయ పురం అని పేరు మారుస్తున్నట్లు 2024 సెప్టెంబరు 13న కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. దానికి ముందు 2018 డిసెంబరు 30న హేవ్‌లాక్ ద్వీపం స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ ద్వీపం షహీద్ ద్వీప్‌గా, రాస్ ద్వీపం నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీప్‌గా మారాయి. అధికార పత్రాలలో కొత్త పేర్లే వ్రాయాలి, అందులో సందేహం లేదు. అయితే వెదికేవారి వేళ్ళకు పాత పేర్ల అలవాటు ఇంకా పోలేదు. బెంగుళూరులో కూర్చున్న మేనేజరు పోర్ట్ బ్లెయిర్ అని కొడతాడు. టెండరు పత్రం చూచి వెదికే గుమాస్తా శ్రీ విజయ పురం అని కొడతాడు. ఇద్దరికీ దొరకాలంటే రెండు పేర్లూ ఉండాలి. మద్రాసు, చెన్నై అయిన కొత్తలో మన ఉత్తరాల చిరునామాలలో రెండూ వ్రాసుకున్న రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి.

ఆ తరువాత "అబౌట్" అనే భాగం. 2,600 అక్షరాల వరకు వ్రాయవచ్చు గాని, నొక్కి చూస్తే తప్ప మొదటి రెండు మూడు పంక్తులకు మించి కనిపించవు. కనుక అసలు విషయం ఆ పంక్తులలోనే రావాలి. "నేను చిన్ననాటినుండి యంత్రాలపై ఆసక్తితో..." అని ప్రారంభిస్తే ఆసక్తి దగ్గరే పాఠకుడు వెళ్ళిపోతాడు. ఏమి వ్రాయాలో తేల్చడానికి అతనిని ఫోనులో ఒక గంటసేపు ప్రశ్నలు అడిగాను. మీ దగ్గరకు వచ్చిన వారు మొట్టమొదట ఏమి అడుగుతారు? "ఎప్పుడు వస్తావు అంటారన్నయ్యా." తరువాత? "పార్టు ఉన్నదా అంటారు."

ఈ రెండవ ప్రశ్నలోనే మొత్తం వ్యాపారం ఉన్నదని నాకు అనిపించింది. అండమాన్‌కు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం మూడూ సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఓడ ప్రయాణం రెండున్నర, మూడు రోజులు. విశాఖ ఓడ నెలకు ఒకసారి వస్తే గొప్ప. విమానంలో తెప్పించుకుంటే చిన్న గాస్కెట్ ఖరీదు కంటె రవాణా ఖరీదు ఎక్కువ. జనరేటరు ఆగిన రిసార్టుకు కావలసింది ప్రపంచస్థాయి నిబద్ధత కాదు, ఫ్యూయల్ ఇంజెక్టరు ఇక్కడే అలమారులో ఉన్నదన్న కబురు. అతని అలమారులో ఏయే విడిభాగాలు ఎప్పుడూ నిల్వ ఉంటాయో జాబితా పంపమన్నాను. ఆటోవోల్టేజి రెగ్యులేటర్లు, ఇంపెల్లర్లు, వాటర్ పంపు కిట్లు, ఫిల్టర్లు, కెపాసిటర్లు, ఫ్యాను మోటార్లు; రెండు పేజీలు వచ్చింది. ఆ మనిషి అంత సరుకు పెట్టుబడి పెట్టి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా సి.ఇ.ఓ. అని వ్రాసుకుని కూర్చున్నాడు!

అబౌట్ భాగం మొదటి పంక్తులు తెలుగులో చెప్పాలంటే ఇలా కుదిరాయి: "శ్రీ విజయ పురంలో ఉదయం ఫోను చేస్తే అదే రోజు, స్వరాజ్ ద్వీప్‌లో మరునాడు మా మెకానిక్ వస్తాడు. తరచుగా చెడిపోయే విడిభాగాలు మావద్దనే నిల్వ ఉంటాయి. సముద్రం బాగుండక పడవలు ఆగిన రోజులలో రాలేము. ఆ రోజులలో ఫోనులో మీ ఆపరేటరుకు దారి చెబుతాము." చివరి వాక్యం తీసివేయమని అతడు పట్టుబట్టాడు. "రాలేము అని మనమే వ్రాసుకుంటామా?" అన్నాడు. అండమాన్‌లో వ్యవహారం నడిపిన ఏ మేనేజరుకైనా జూలైలో పడవలు ఆగుతాయని తెలుసు. ఎప్పుడైనా సరే వస్తామని వ్రాసినవాడిని అతడు నమ్మడు. ఆ వాక్యం ఉంచాము.

ఫోను నంబరు విషయం కూడ చెప్పాలి. లింక్డిన్‌లో సంప్రదింపు వివరాల కింద పెట్టిన ఫోను నంబరు మన కనెక్షన్లలో ఉన్నవారికే కనిపిస్తుంది. కొత్తవారు చూడాలంటే వ్యాపారపు నంబరును, ఇ-మెయిల్‌ను అబౌట్ భాగం చివర కూడ వ్రాయాలి. ఇంటి నంబరు వద్దు. ప్రొఫైల్ చిరునామాలో పేరు తరువాత లింక్డిన్ తనంతట తాను తగిలించే అంకెల తోకను కూడ కత్తిరించి శుభ్రమైన చిరునామాగా మార్చుకోవచ్చు. విజిటింగ్ కార్డు మీద అచ్చువేసుకోవడానికి బాగుంటుంది. ఈ మార్పులన్నీ చేసే ముందు, "మార్పులను కనెక్షన్లకు తెలియజేయి" అనే ఏర్పాటును ఆపివేయడం మంచిది. లేకుంటే కొన్ని మార్పులు చేసినపుడు ఊరందరికీ టాంటాం వేసినట్లవుతుంది.

ఫోటోల విషయంలో మా ఇద్దరికీ కొంత చర్చ జరిగింది. పెళ్ళి ఫోటో తీసివేసి, వర్క్‌షాపు ముందు వెలుతురులో, పనిబట్టలలో, ముఖం స్పష్టంగా కనిపించేటట్లు తీసినది పెట్టాము. పని ఫోటోలను "ఫీచర్డ్" అనే భాగంలో చేర్చుకోవచ్చు. ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు పొడిగా రాలిపోయిన ఏ.సి. కండెన్సరు ఫోటో ఒకటి, దానిని మార్చి పూత వేసిన తరువాత ఫోటో మరొకటి. నా ఉద్దేశంలో ఈ జంట ఫోటోలకు మించిన ప్రకటన లేదు. మెయిన్‌లాండ్‌లో పదేళ్ళు నడిచే కండెన్సరు సముద్రపు ఒడ్డున ఎంత త్వరగా పాడవుతుందో ఆ ఫోటో చూచిన మేనేజరుకు ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

అయితే అండమాన్‌లో ఫోటోలకు ప్రత్యేకమైన జాగ్రత్తలున్నాయి. రంగత్ వైపు పనిమీద వెళ్ళేవారు అండమాన్ ట్రంక్ రోడ్డు మీదుగా జరావాల రక్షిత ప్రాంతాన్ని దాటుతారు. ఆదిమజాతుల రక్షణకై 1956లో చేసిన నిబంధనల ప్రకారం వారిని ఫోటోలు, వీడియోలు తీయడం, ప్రచారం చేయడం శిక్షార్హం. దీవుల వ్యాపారమని చూపడానికి అటువంటి బొమ్మ పెట్టినవాడు ఆర్డరు కాదు, కేసు తెచ్చుకుంటాడు. అలాగే అక్కడ 2001 నుండి త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ ఉన్నది. జెట్టీ దగ్గర తీసిన ఫోటోలో వెనుక నౌకాదళపు ఓడ పడితే ఆ ఫోటో వాడరాదు. మరమ్మతు చేసిన హోటలు వారి ఆవరణలో తీసిన ఫోటోకు వారి అనుమతి తీసుకోవాలి. ఇతడు తాను ఎప్పుడో ఒకసారి పనిచేసిన ఒక పెద్ద హోటలు గుర్తును "మా ఖాతాదారులు" అని పెట్టుకున్నాడు. తీయించాను. నగర సంస్థ ద్వారా చేసిన ఉప-కాంట్రాక్టు పనిని సొంత ఒప్పందమని చూపడం అబద్ధమే అవుతుంది. ఆ హోటలు వారు ఒక్క ఫోనుతో తేల్చివేస్తారు. దాని బదులు "ఉప-కాంట్రాక్టరుగా ఇన్ని జనరేటర్లు నిర్వహించాను" అని ఉన్నదున్నట్లు వ్రాశాడు.

సిఫారసులు, అనగా రికమెండేషన్లు, అడిగి తీసుకోవలసినవే. కాని "నాకు ఒక మంచిమాట వ్రాయండి" అని అడిగితే ఎవరైనా మంచివాడు, కష్టపడేవాడు అనే వ్రాస్తారు. "గత డిసెంబరులో మీ జనరేటరు రాత్రివేళ ఆగినపుడు జరిగినదానిని గురించి నాలుగు వాక్యాలు వ్రాయగలరా?" అని అడిగితే పని జరుగుతుంది. అతనికి ఒక బోటు యజమాని, ఒక రిసార్టు ఇంజనీరు అలా వ్రాసి ఇచ్చారు. రెండే. రెండు చాలు. బావమరదుల చేత ఇరవై వ్రాయించుకున్నవారిని నేను ఎరుగుదును. అందరి ఇంటిపేర్లు చూస్తేనే తెలిసిపోతుంది.

సొంత ప్రొఫైల్‌తో పాటు వర్క్‌షాపు పేరుమీద విడిగా కంపెనీ పేజీ కావాలా అని కొందరు అడుగుతున్నారు. పెట్టుకోవచ్చు, ఉచితమే. అనుభవం భాగంలో ఆ పేజీని జతచేస్తే వర్క్‌షాపు గుర్తు కనిపిస్తుంది. అయితే చిన్న వ్యాపారంలో జనం పేజీని కాదు, మనిషిని నమ్ముతారు. ఉన్న కొద్దిపాటి తీరికను మనిషి ప్రొఫైల్ మీదనే ఖర్చుపెట్టడం మేలు.

ఇదంతా ఇప్పుడు సాధ్యమవుతున్నది గాని, నేను అక్కడ ఉన్న రోజులలో కాదు. అప్పుడు దీవుల ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం మీదనే. ఒక ఫోటో పంపబెట్టి, స్నానం చేసి వచ్చినా పూర్తయ్యేది కాదు. 2018 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన చెన్నై-అండమాన్ సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి ప్రారంభించారు. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున, 1,224 కోట్ల రూపాయల వ్యయంతో, బి.ఎస్.ఎన్.ఎల్. ఆధ్వర్యంలో వేయబడిన ఈ కేబుల్ చెన్నైని పోర్ట్ బ్లెయిర్‌తోను, అక్కడినుండి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్‌లతోను కలుపుతున్నది. మన సోదర సంస్థ చేసిన పని గనుక కొంచెం గర్వంగానే వ్రాస్తున్నాను. సముద్రపు అడుగున పరచిన ఆ తీగ లేకుంటే ఈ వ్యాసానికి అవసరమే ఉండేది కాదు. ఆ తరువాత 2023 జూలైలో వీర సావర్కర్ విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ కూడ వచ్చింది. ప్రయాణికులు పెరిగేకొద్దీ గదులు, గదులు పెరిగేకొద్దీ ఏ.సి.లు, జనరేటర్లు పెరుగుతాయి.

ఇక మన సంస్థ కుటుంబాలకు ముఖ్యమైన మాట. ఆ తమ్ముడి ప్రొఫైల్ సరిచేస్తుండగా మా సహోద్యోగి ఉత్సాహంతో, "నా ప్రొఫైల్‌లో కూడ వీడి వర్క్‌షాపు గురించి వ్రాస్తాను. మన సంస్థ పేరు చూస్తే విలువ పెరుగుతుంది" అన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. ప్రభుత్వ రంగ సంస్థల ప్రవర్తన, క్రమశిక్షణ, అప్పీలు నియమాల ప్రకారం ఉద్యోగి ముందస్తు అనుమతి లేకుండా ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని వ్యాపారం చేయరాదు. కుటుంబ సభ్యుల వ్యాపారానికి మద్దతుగా ప్రచారం చేయడం కూడ ఉల్లంఘన కిందికే వస్తుంది. కుటుంబంలో ఎవరైనా వ్యాపారం చేస్తుంటే ఆ విషయం సంస్థకు తెలియజేయవలసి ఉంటుంది. తమ్ముడు నియమాల నిర్వచనం ప్రకారం కుటుంబ సభ్యుడా కాదా అన్న తర్కం తరువాత. సంస్థ పేరును అరువు తెచ్చి వ్యాపారానికి తగిలించడం పొరపాటే. భార్య హోమ్‌స్టే నడుపుతున్నా, కుమార్తె కేకులు తయారుచేస్తున్నా ఇదే వర్తిస్తుంది. ఆమె ప్రొఫైల్ ఆమెది. మీ హోదా, మీ ఆఫీసు ఇ-మెయిల్, మీ గుర్తింపు కార్డు వేసుకున్న ఫోటో అందులోకి రాకూడదు. సందేహం ఉంటే ముందుగా మీ పర్సనల్ విభాగాన్ని అడగండి. సర్వీసు చివర చార్జిషీటు తెచ్చుకోదగినంత విలువ ఏ ఆర్డరుకూ లేదు.

ప్రభుత్వ రంగ సంస్థలనుండి ఆర్డర్లు ఆశించేవారికి లింక్డిన్ తలుపు కాదని కూడ చెప్పాలి. అందుకు 2020 జూలై 1న మొదలైన ఉద్యమ్ రిజిస్ట్రేషన్, 2016లో ప్రారంభమైన జెమ్ పోర్టల్ ఉన్నాయి. ప్రభుత్వ కొనుగోళ్ళ విధానం ప్రకారం కేంద్ర సంస్థలు తమ వార్షిక కొనుగోళ్ళలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుండి తీసుకోవాలి. అందులో 3 శాతం మహిళల యాజమాన్యంలోనివి. ఉద్యమ్ నమోదు ఉన్నదన్న మాటను ప్రొఫైల్‌లో వ్రాసుకుంటే చాలు. ప్రైవేటు రిసార్టుల మేనేజర్లు కూడ దానిని చూచి ఇది నిజమైన దుకాణమే అని ధైర్యం చెందుతారు.

ప్రొఫైల్ సరిచేసిన మాత్రాన ఫోన్లు మోగవు. ఎవరి కంట పడాలో వారికి చేరాలి. దీవులలో ఆస్తులున్న హోటలు సంస్థల చీఫ్ ఇంజనీర్లు, మెయింటెనెన్స్ మేనేజర్లను వెదకి, రోజుకు ఇద్దరికి మించకుండా ఆహ్వానాలు పంపమన్నాను. వారి ప్రొఫైల్ మనం చూచిన సంగతి సామాన్యంగా వారికి తెలుస్తుంది. అది తప్పేమీ కాదు, తలుపు తట్టినట్లే. వారానికి ఒక చిన్న పోస్టు వ్రాయమన్నాను. మోటారును వాడిన ప్రతిసారీ మంచినీటితో ఎందుకు కడగాలి, జింక్ ఆనోడు సగం కరగగానే ఎందుకు మార్చాలి, వానాకాలంలో నెలల తరబడి ఆపిన జనరేటరును వారానికొకసారి లోడుమీద ఎందుకు నడపాలి, ఇటువంటివి. అమ్మకం మాట ఎత్తకుండా. మొదట్లో అతనికి వ్రాయడం రాక చాలా అవస్థపడ్డాడు. తరువాత మెకానిక్‌కు చెప్పినట్లే ఫోనులో చెప్పి, దానినే అక్షరాలలో పెట్టడం అలవాటు చేసుకున్నాడు. ఇప్పుడు నాకంటె బాగా వ్రాస్తున్నాడు.

ఎనిమిది నెలలలో జరిగింది చెబుతాను. మొత్తం మీద ఐదు విచారణలు వచ్చాయి. వాటిలో ఒకటి మోసం. విదేశీ క్రూయిజ్ కంపెనీ కొనుగోలు అధికారినని చెప్పి, అందమైన ఫోటోతో ఒకడు పెద్ద కాంట్రాక్టు ఆశచూపి, విక్రేతగా నమోదుకు ముందుగా రుసుము చెల్లించమన్నాడు. ఖాతా తెరిచి రెండు నెలలే అయింది, కనెక్షన్లు పన్నెండు. సొమ్ము అడిగిన క్షణంలోనే ఆపివేయమన్నాను. రెండు విచారణలు ధర దగ్గర ఆగిపోయాయి. ఒకరు ఇంకా ఆలోచిస్తున్నారు. ఐదవది బెంగుళూరు కార్యాలయం గల ఒక రిసార్టుది. కండెన్సరు ఫోటోల జంట చూచి వారి ఇంజనీరు స్వయంగా ఫోను చేశాడట. మూడు జనరేటర్లు, నలభై ఏ.సి.లకు ఏడాది ఒప్పందం కుదిరింది, మధ్యలో ఎవరూ లేకుండా. గత వానాకాలంలో అతడు ఇద్దరు మెకానిక్కులలో ఎవరినీ ఇంటికి పంపలేదు. నగర సంస్థ ఇచ్చే ఉప-కాంట్రాక్టు పనిని మాత్రం ఇంకా వదులుకోలేదు. ఒక్క ఒప్పందంతో వదులుకోవద్దనే నేనూ చెప్పాను.

మొన్న మళ్ళీ ఫోను చేశాడు. ప్రొఫైల్ పైభాగాన అడ్డంగా ఉండే కవర్ బొమ్మను మార్చాలట. 1,584 పిక్సెళ్ళ వెడల్పు, 396 పిక్సెళ్ళ ఎత్తు ఉండాలని అతడే నాకు చెప్పాడు. "అన్నయ్యా, నీలిసముద్రంలో బోటు పెట్టనా, విప్పి ఉంచిన జనరేటరు పెట్టనా? బోటు అందంగా ఉన్నది" అన్నాడు. జనరేటరే పెట్టమన్నాను. బోట్లవాళ్ళు ఎలాగూ జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర రోజూ కలుస్తూనే ఉంటారు కదా.